అంకెయు, దాని మానమును

మోసమనగానే మనకు అబద్ధము జ్ఞప్తికి వచ్చును. వర్తకుడు లేనిదానిని ఉన్నదనెను, పాతదానిని క్రొత్తదనెను, కల్తీ సరకును మేలిమి యనెను. ఇట్టివే మోసములని తలంతుము. ఇవియు మోసములే, సందేహము లేదు. కాని ఇట్టి అబద్ధము ఏనాటికైనను బయటపడును. బయటపడక ఏండ్లతరబడి సంసారములను క్రుంగదీయు మోసము వేఱొకటి గలదు. దానిలో అబద్ధమే యుండదు. అంకె నిజమైనది, కూడిక సరియైనది, సంతకము మనదే. అట్టియెడ మోస మెట్లు జరుగునను ప్రశ్నమునకు ఉత్తరము మేము గ్రంథములలో గాక ఒక చిన్న కాగితములో నేర్చుకొంటిమి.

కొన్నియేండ్ల క్రిందట మా పాఠశాల బంట్రోతునకు కూతురి కళాశాల చదువు నిమిత్తము 24,000 రూపాయలు అప్పు కావలసి వచ్చెను. ఊరిలోని షావుకారు రెండు రూపాయల వడ్డీ యడిగెను. అనగా నెలకు నూటికి రెండు, ఏటికి ఇరువదినాలుగు. మిగిలిన అసలుమీదనే వడ్డీ కట్టుట అతని వాడుక. పట్టణములో అప్పులిచ్చు సంస్థవారు ఏటికి నూటికి పండ్రెండే యనిరి. బంట్రోతు వారి కాగితమును తెచ్చి, “పన్నెండే గదా మాష్టారూ, షావుకారు అడిగినదానిలో సగమే గదా!” యని మమ్మడిగెను. మేము చూచితిమి. 24,000 రూపాయలకు నూటికి 12 చొప్పున ఏటి వడ్డీ 2,880. అసలుతో కలిపి 26,880. దానిని పండ్రెండు నెలలకు పంచగా నెలకు 2,240. లెక్కలో తప్పు లేదు. “సరిగానే ఉన్నదయ్యా, తీసుకో” అంటిమి. ఇరువదియేండ్లు వడ్డీలెక్కలు బోధించిన మేము చెప్పిన మాట యిది!

ఆఱునెలలు గడచిన పిదప ఆ బాలిక మా యింటికి వచ్చి యొక సందేహ మడిగెను. “సగం అప్పు తీరిపోయింది గదా మాష్టారూ, నాన్న ఇంకా మొత్తం ఇరవైనాలుగు వేలకూ వడ్డీ ఎందుకు కడుతున్నాడు?” అని. మేము కొంతసేపు మాటాడలేకపోతిమి.

ఆమె చెప్పినదే నిజము. మొదటినెలలో ఆ సంసారము చేతనున్న అప్పు 24,000. నెలకు 2,000 చొప్పున అసలు తీఱుచు రాగా, తుదినెలలో వారిచేత నున్నది 2,000 మాత్రమే. సంవత్సరమంతయు సగటున వారు వాడుకొన్నది 13,000 రూపాయలు. వడ్డీ మాత్రము 24,000కు చెల్లించిరి. కంతుకంతునకును సూక్ష్మముగా లెక్కకట్టినచో ఇది నూటికి 21 దాటును. అంతేకాదు, కాగితపు ఖర్చని ముందుగానే 600 పట్టుకొని వారు చేతికిచ్చినది 23,400. దానిని గూడ లెక్కింపగా వడ్డీ నూటికి 26 దాటినది. సగమని తలచినది షావుకారు వడ్డీని మించిపోయినది! ఆ కాగితములోని పండ్రెండు అబద్ధము కాదు. దేనికి పండ్రెండు అను సంగతి మాత్రము చెప్పబడలేదు, మేమును అడుగలేదు.

అంకె తనంత తాను నిలువదు. నాలుగు, పండ్రెండు, ఏబది యనుటలో అర్థమేమియు లేదు. ఏ కొలతతో నాలుగు, దేనిలో పండ్రెండు, ఎంతకాలమునకు ఏబది యనునది చెప్పినపుడే అది మాట యగును. ఈ ఆధారమునే మన పూర్వులు మానమనిరి. మోసగాడు అంకెను ముట్టుకొనడు. మానమును మార్చును, లేదా దాచును. ఈ విద్య నేటిది కాదు. దాని చరిత్రను కొంచెము పరిశీలించినచో, నేటి దుకాణములోను బ్యాంకులోను మనమేమి యడుగవలయునో తెలియగలదు.

కౌటిల్యుని అర్థశాస్త్రపు వ్రాతప్రతి మైసూరు ప్రాచ్యగ్రంథాలయమునకు చేరి, శామశాస్త్రిగారిచే 1909లో ప్రకటింపబడిన పిమ్మట, ప్రాచీన రాజ్యతంత్రమును గూర్చి పెక్కు సంగతులు లోకమునకు తెలిసినవి. పండితులు సేనలను గూర్చియు గూఢచారులను గూర్చియు విస్తరించి చర్చించిరి. గృహస్థునకు ముఖ్యమైనది మాత్రము అందులోని తులామానపౌతవాధ్యాయము. తూనికలను కొలతలను చేయించుటకు పౌతవాధ్యక్షుడను అధికారి యుండవలయును. తూనికరాళ్లు ఇనుముతోగాని, మగధమేకల దేశముల రాతితోగాని చేయవలయును. లేనిచో నీట తడిసినను పూతపూసినను పెరుగనిదియు, వేడికి తఱుగనిదియునగు వస్తువుతో చేయవలయును. ఈ నియమము వ్రాసినవాడు అంగడిలో నిలిచి చూచినవాడు. తడిపి బరువెక్కించిన రాయి కొనుటకును, కాచి తగ్గించిన రాయి అమ్ముటకును పనికివచ్చునని యతడెఱుగును. నాలుగునెలల కొకమాఱు రాళ్లను పరీక్షించి ముద్ర వేయించుకొనవలయును. ముద్రలేని రాయి వాడినవానికి ఇరువదియేడుంబావు పణముల దండనము. మనుస్మృతియు తూనికలను కొలతలను ఆఱునెలల కొకమాఱు రాజు మఱల పరీక్షింపవలయునని విధించుచున్నది.

ఆ యధ్యాయములోనే ఇంతకంటె ఆలోచింపదగిన సంగతి యొకటి గలదు. ద్రోణమను కొలత యొక్కటి కాదు, నాలుగు. రాజాదాయమును కొలుచు ద్రోణము 200 పలములు. వర్తకమున వాడునది 187½. సేవకులకు బత్తెములు కొలుచునది 175. అంతఃపురమునకు కొలుచునది 162½. పేరు ఒక్కటే; మొదటిదానికిని చివరిదానికిని ఐదింట నొకవంతునకు దగ్గఱగా భేదమున్నది. పుచ్చుకొనునపుడు పెద్దది, ఇచ్చునపుడు చిన్నది! ఇది న్యాయమా యని మన మడుగవచ్చును. కాని కౌటిల్యుడు దీనిని దాచలేదు. ఒక్కొక్కదానికి పేరుపెట్టి పలముల లెక్క వ్రాసెను. తెలిపి పెట్టిన భేదము ఏర్పాటు. తెలుపని భేదము మోసము. ఈ రెంటికిని నడుమనున్నది ఒక్క మాట మాత్రమే.

మూడవది నింపుట. ధాన్యము కొలుచునపుడు పాత్రపై శిఖ నిలుచును. ఆ శిఖ నాల్గవ భాగమగునట్లు పాత్రను గట్టి ఎండుకొయ్యతో చేయవలయుననియు, లేదా శిఖకూడ లోపలనే పట్టునట్లు చేయవలయుననియు అర్థశాస్త్రము చెప్పుచున్నది. శిఖతో కొలిచిన నాలుగు మానికలును, తలకొట్టి కొలిచిన నాలుగు మానికలును ఒకటి కావు. పాత్ర యొక్కటే, అంకె యొక్కటే, ధాన్యము వేఱు. కావున రాయిని మార్చుట, ఒకే పేరుతో రెండు కొలతలను నడపుట, నింపుటలో భేదము చూపుట అను మూడు మార్గములును ప్రాచీనకాలమునుండియే యున్నవి. నేటి మోసములలో ఈ మూటిలో చేరనిది మాకు కనబడలేదు.

మన తెనుగువారు ఈ విషయమున నిరక్షరాస్యులుగా లేరు. తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెనుగు చేసెను. ఆ మూలగ్రంథములో వడ్డీలెక్కలును, వేఱువేఱు వన్నెల బంగారములను కలిపిన లెక్కలును విపులముగా గలవు. శాస్త్రమును దేశభాషలో పెట్టినగాని అది అంగడికిని పొలమునకును చేరదని మల్లన యెఱిగెనని మా యభిప్రాయము. కాని యే గణితగ్రంథమందైనను, నేడు మేము బోధించు పాఠ్యపుస్తకమందైనను, ఒక లోపము సహజముగా నున్నది. పుస్తకములోని లెక్కలో మానము ఎన్నడును దాచబడదు. ఇంత అసలు, ఇంత కాలము, ఇంత వడ్డీ యని మూడును చెప్పి ఫలితము నడుగుదురు. లోకములోని లెక్కలో ఫలితము ముందుగా చెప్పి, ఆ మూటిలో నొకదానిని దాతురు. ఇరువదియేండ్లు మొదటి తెఱగు లెక్కలు చేయించిన మేము రెండవదానిలో తప్పుటకు కారణ మిదియే.

మానమును దాచకుండ ప్రకటించుటకు మనదేశమున ఒక గొప్ప నిదర్శనము గలదు. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతమున మోటుపల్లి రేవులో నొక శాసనము వేయించెను. తుపానులకు దారితప్పి తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సొమ్మును పూర్వరాజులు లాగికొనుచుండగా, తాను నియతమైన సుంకమునుదప్ప వేఱేమియు గైకొననని అభయమిచ్చెను. ఎగుమతి దిగుమతులకు సుంకము ముప్పదింట నొకటి. చందనము మున్నగు సరకులకు ఇంత తూనికకు ఇంత యని పేరుపేరున చెక్కించెను. దూరదేశపు వర్తకుడు ఆ రాతిస్తంభము ముందు నిలిచి తాను చెల్లింపవలసినది తానే లెక్కచూచుకొనవచ్చును. ధర్మబుద్ధియున్న ప్రభుత్వము అంకెతోపాటు దాని మానమునుగూడ వెల్లడించునని ఆ రాయి నేటికిని చెప్పుచున్నది.

ఇట్టి వెల్లడి పల్లెలకు చేరలేదు. మన ధాన్యపుకొలతలను బాల్యమున వల్లించినవారు ఇప్పటికిని కొందఱుందురు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచము, నాలుగు కుంచములు తూము, ఇరువది తూములు పుట్టి. ఎక్కము అంతట ఒక్కటే. కుంచము మాత్రము ఊరూరికి వేఱు. ఒక్కొక్కయెడ ఒకే యింటిలో గింజలు పుచ్చుకొనుటకు పెద్దకుంచము, అప్పిచ్చుటకు చిన్నకుంచము నుండెడివి. కౌటిల్యుడు పేరుపెట్టి చెప్పిన భేదమే ఇచట పేరులేక గాదెచాటున దాగెను. తెలంగాణమున రైతు విత్తనములకై గింజలు నాగునకు తెచ్చుకొని, పంటకాలమున ఒకటికి ఒకటిన్నర కొలిచెడివాడు. సగము వడ్డీ యనినచో సంవత్సరమునకని వినువారు తలంతురు; నిజముగా నది కొన్ని నెలలకే. కాలమను మానము ఇచట దాగినది.

తూనికలలో నీ గందరగోళము మఱింత హెచ్చు. మద్రాసు మణుగు ఎనిమిది వీశెలు. వీశె 120 తులములు. కావున మణుగు ఇంచుమించు 11 కిలోల 200 గ్రాములు. బొంబాయి మణుగు పండ్రెండున్నర కిలోలకు కొంచెము మించును. బంగాళపు మణుగు 80 తులముల సేర్లు నలువది, అనగా 37 కిలోలకు పైగా. మూడుచోట్లను మణుగని పలుకుట యొక్కటియే. ఒకచోటి మణుగుధర విని మఱియొకచోట సరకు కొన్నవానికి లాభమో నష్టమో దైవమే యెఱుగవలయును.

స్వాతంత్ర్యానంతరము 1956లో తూనికల కొలతల ప్రమాణముల చట్టము పుట్టెను. 1957 ఏప్రిల్ 1నాడు రూపాయి నూఱు నయాపైసలయ్యెను. 1958 అక్టోబరునుండి కిలోగ్రాము అంచెలంచెలుగా దేశమున వ్యాపించెను. ఇది నిశ్శబ్దముగా జరిగిన మహాసంస్కారము. కాశ్మీరమునుండి కన్యాకుమారివఱకు ఒక పేరునకు ఒక కొలత యగుట మన చరిత్రలో నదియే మొదటిమాఱు. అయినను మార్పుకాలమే మోసగానికి సుగ్గికాలము. రూపాయి పదునాఱణాలుగా నున్నపుడు అణా సరిగా ఆఱుంబావు నయాపైసలు. వ్యవహారమున ఆఱుగా మార్చిరి. పావు పైసా ఎవరి సంచిలోనో పడినది. అది స్వల్పము. వీశె 1,400 గ్రాములు, సేరు 933 గ్రాములు. పాత వీశెధరను కిలోధరగా చెప్పినవాని చేతిలో కొనువానికి 400 గ్రాములు తఱుగును. అంకె మాఱలేదు గదా యని సంతోషించినవాడు ఇచట నష్టపడును.

ఆ మార్పులో మిగిలిపోయిన చిక్కు నేటికిని మన స్త్రీల మెడలో నున్నది. పూర్వపు తులము 11.66 గ్రాములు, నేటి బంగారపంగడిలో తులమనిన 10 గ్రాములే. ఇందు దోషము లేదు, ఇరువురకును తెలిసియున్నచో. మామ్మగారి నాలుగు తులముల గొలుసు 46 గ్రాములకు పైగా తూగును. మనుమరాలి నాలుగు తులముల గొలుసు 40 గ్రాములే. పాతనగను ఇచ్చి క్రొత్తది తెచ్చుకొనునపుడు తులమునకు తులమని సరిపెట్టుకొన్న యిల్లాలు ఆఱున్నర గ్రాముల బంగారము పోగొట్టుకొన్నట్లే. వన్నెయు నిట్టిదే. పదాఱువన్నె బంగారమని మనము మెచ్చుకొనునది పూర్వపు లెక్కలో పరిశుద్ధమైనది. నేటి క్యారట్ల లెక్కలో పరిశుద్ధమైనది ఇరువదినాలుగు. నగపైనుండు 916 అను ముద్ర వేయింటికి 916 పాళ్లు బంగారమని చెప్పుచున్నది. అనగా ఇరువదిరెండు క్యారట్లు. 2021 జూన్ నుండి అనేక జిల్లాలలో ఈ ముద్ర నిర్బంధమయ్యెను. 2023 ఏప్రిల్ 1 నుండి ముద్రతోపాటు ప్రతి నగకును ఆఱక్షరముల ప్రత్యేక సంకేతము కూడ నుండవలయును.

వన్నె నిజమైనపుడు మోసము తఱుగులోనికి జరుగును. తఱుగు నూటికి పండ్రెండని యందురు. నలువది గ్రాముల నగకు అది 4.8 గ్రాముల బంగారపు వెల. తఱుగు లేదని బోర్డు కట్టినవారు మజూరీని పెంపవచ్చును. రెండును లేవనినవారు రాళ్ల బరువునుగూడ బంగారముతో తూచవచ్చును. కనుక తఱుగెంత యని అడుగుట చాలదు. రాళ్లు తీసివేయగా మిగిలిన బంగారమెంత, గ్రాము ధర ఏ వన్నెకు చెప్పితిరి, మజూరీయు తఱుగును కలిపి మొత్తమెంత, రేపు మఱల మీకే అమ్మినచో ఎంత పట్టుకొందురు అని నాలుగును బిల్లులో వ్రాయించుకొనవలయును. ఆ నాలుగును వ్రాయుటకు జంకు దుకాణమునుండి లేచివచ్చుట మేలు.

పొట్లములలోని సరకు విషయమున 1977నాటి నియమములు నికరపు బరువును ధరను పొట్లముపై వ్రాయవలెనని శాసించినవి. తరువాత 2009నాటి చట్టమును 2011నాటి నియమములును వచ్చినవి. బిస్కత్తులు, టీపొడి, వంటనూనె మున్నగునవి నియతమైన పరిమాణములలోనే అమ్మవలెనను నిబంధన చిరకాలముండెను. 2021నాటి సవరణతో అది తొలగెను. దానికి బదులుగా కిలోకు లోపైన పొట్లముపై గ్రామున కింత యనియు, కిలోకు మించిన దానిపై కిలో కింత యనియు వ్రాయవలెనను నియమము అమలులోనికి వచ్చెను. ఈ చిన్న అక్షరములను మన యిండ్లలో చదువువారు మిక్కిలి తక్కువ. నూఱు గ్రాముల పొట్లము తొంబది గ్రాములై, ధర మాఱక, పొట్లపు రూపు మాఱక వచ్చినపుడు ధర పెరుగలేదని మనము తలంతుము. నిజముగా గ్రాము ధర తొమ్మిదింట నొకవంతు, అనగా నూటికి పదునొకటికి పైగా పెరిగినది. పాత్ర అట్లేయుండి శిఖ మాయమగుట యిదియే. పొట్లముపై నుండు గరిష్ఠధరయు హద్దేగాని సరకు విలువ కాదు. దానికంటె పది రూపాయలు తగ్గించితిమనుట లాభమునకు సాక్ష్యము కాజాలదు.

పండుగనాళ్ల తగ్గింపులను గూర్చి రెండు మాటలు చాలును. సగము తగ్గింపు, దానిపై మఱి నూటికి నలువది తగ్గింపు అనినచో తొంబది కాదు. వేయి రూపాయల చీర ఏనూఱై, ఆ ఏనూటిలో నలువదిపాళ్లు పోగా మూడునూఱులగును, తగ్గినది డెబ్బది. రెండవ శాతము మొదటిదాని మానముమీద నిలువలేదు. ధరను నూటికి ఇరువదియైదు పెంచి ఇరువది తగ్గించినచో ధర మొదటి చోటికే వచ్చును. “వఱకు” అను చిన్న యక్షరములను చూడక డెబ్బది అను పెద్ద యంకెను మాత్రము చూచువాడు తన కన్నులతోనే మోసపోవుచున్నాడు.

ఇవన్నియు నొకయెత్తు, అప్పు ఒకయెత్తు. చీరలో మోసపోయినచో ఒక చీర పోవును. అప్పులో మోసపోయినచో ఇల్లు పోవును. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున సూక్ష్మఋణసంస్థలు పేదస్త్రీల సంఘములకు విరివిగా అప్పులిచ్చి వారమువారము వసూలు చేసిన కాలమున ఎన్ని సంసారములు క్రుంగినవో మనవారు మఱువలేదు. ఆత్మహత్యల వార్తలు వెలువడిన పిదప ప్రభుత్వము 2010 అక్టోబరులో ఆర్డినెన్సును, 2011లో చట్టమును చేసెను. అందులో నొక నియమము, ఎంతకాలమైనను అసలును మించిన వడ్డీ వసూలు చేయరాదని. ఇది మనువు చెప్పిన ద్వైగుణ్యనియమమే. ఒక్కమాఱుగా తీసికొను వడ్డీతోకూడ అప్పు రెట్టింపును దాటరాదని ఆయన శాసించెను. రెండువేల యేండ్లనాటి ధర్మము మఱల వ్రాసికొనవలసి వచ్చుట మనకు లజ్జాకరమో, ధర్మమునకు గౌరవమో చదువరులే నిర్ణయింపవలయును. రిజర్వుబ్యాంకులో నమోదైన సంస్థలకు ఆ చట్టము వర్తింపదని 2023లో తెలంగాణ ఉన్నతన్యాయస్థానము తీర్పు చెప్పినది. మఱియొకవైపున రిజర్వుబ్యాంకువారు, 2024 అక్టోబరు 1 నుండి వ్యక్తులకిచ్చు అప్పులకు ముందుగానే ప్రధానాంశపత్రము నొకదాని నియ్యవలెననియు, అందు రుసుములుగూడ కలిపిన వార్షికవ్యయమును శాతముగా చూపవలెననియు ఆజ్ఞాపించిరి. మా బంట్రోతు కాగితముపై ఆ యొక్క అంకెయున్నచో మేము తప్పియుండము.

దీనినిబట్టి చరిత్ర మనకు చెప్పుచున్నదేమి? రాజు రాయికి ముద్ర వేయగా మోసము పేరులోనికి జరిగినది. పేరును దేశమంతట ఒక్కటి చేయగా పొట్లములోనికి జరిగినది. పొట్లముపై బరువు వ్రాయించగా శాతములోనికి జరిగినది. చట్టము ఎల్లప్పుడును ఒక యడుగు వెనుకనే నడచును. అంతమాత్రమున చట్టము వ్యర్థము కాదు. అది లేనిచో అడుగుటకు మనకు ఆధారముండదు. కాని చట్టము అడుగువానికే ఉపకరించును. 1986లో వచ్చి, 2019లో పునర్నిర్మింపబడిన వినియోగదారుల రక్షణచట్టము తప్పుదారి పట్టించు ప్రకటనలకు దండనము విధించుచున్నది. జిల్లాకమిషనులో అయిదులక్షల రూపాయలలోపు విలువగల ఫిర్యాదునకు రుసుము లేదు. 1915 అను సంఖ్యకు టెలిఫోను చేసినను ఫిర్యాదు తీసికొందురు. ఇన్ని యుండగా మనవారు అడుగకుండుటకు కారణము అజ్ఞానము కొంత, నామోషీ యధికము. పదిమంది యెదుట తూనిక మఱల వేయుమనుట, చిన్న యక్షరములు చదువువఱకు సంతకము పెట్టననుట పరువుతక్కువయని మనము పెంపబడితిమి. ముఖ్యముగా స్త్రీలు బేరమాడవచ్చునుగాని లెక్క యడుగరాదను దురాచార మింకను కొన్ని యిండ్లలో గలదు. మా తప్పును పట్టినది ఒక పేదబాలికయే గదా!

కావున ప్రతిగృహమునందును మూడు ప్రశ్నములు అలవాటు కావలయునని మా ప్రార్థన. దేనిలో? ఏ కొలతతో? ఎంతకాలమునకు? ఏ అంకె చెవినబడినను ఈ మూటికి ఉత్తరము దొరకువఱకు చేతిసంచి విప్పరాదు, కలము పట్టరాదు. తరువాత శాతములన్నిటిని విడిచి, మన చేతికి వచ్చునదెంత, మన చేతినుండి పోవునదెంత, ఎప్పు డెప్పుడు అని రూపాయలలో వ్రాసి చూచుకొనవలయును. రూపాయలలో వ్రాసిన లెక్కను దాచుట కష్టము.

పాఠశాలలలో మా వంటివారు చేయదగిన దింకొకటి గలదు. ఆ దినము తరువాత మేము తరగతిలో ఏటికొకమాఱైనను పాఠ్యపుస్తకమును ప్రక్కన బెట్టి, పిల్లలను ఇంటినుండి దుకాణపు చీటియో, బంగారపు బిల్లో, అప్పుకాగితమో తెమ్మని చెప్పుచున్నాము. పేరులు చెఱిపి, అందు చెప్పనిదేదో కనిపెట్టుమనుచున్నాము. మొదట పిల్లలు ఫలితమునకై వెదకుదురు. కొంతసేపటికి లోపమునకై వెదకుట నేర్తురు. ఇండ్లలో తల్లిదండ్రులును ఇట్లే చేయవచ్చును. అంగడినుండి వచ్చిన పొట్లమును పిల్లలచేతి కిచ్చి, గ్రాము ఎంత పడినదని యడిగినచాలును. లెక్క వచ్చినవాడు మోసపోడనుకొనుట మా వలెనే భ్రమపడుట. అడుగుట వచ్చినవాడే మోసపోడు. ఆ విద్యకు కొడుకని కూతురని భేదము లేదు.